రక్తం మనది, లాబు ఎవరిది?

దళిత విమర్శ ఇన్నాళ్ళూ కవిత్వాన్ని చదివింది, నవలను చదివింది, చరిత్రను తిరగేసి చదివింది. పాఠ్యపుస్తకాల్లో మనల్ని ఎట్లా చూపించారో, ఎక్కడెక్కడ చూపించకుండా దాటేశారో లెక్క తీసింది. అవసరమైన పనే. అయితే కోట్ల రూపాయలను కదిలించే రాత ఇంకొకటి ఈ దేశంలో రోజూ సాగుతోంది. దాన్ని మనం ముట్టుకోలేదు. అది విశ్వవిద్యాలయాల్లో సైన్సు ప్రాజెక్టుల రాత. ఆ దరఖాస్తులు, ఆ మంజూరు ఉత్తర్వులు, ఆ చట్టాల చివర చేర్చే షెడ్యూళ్ళు కూడా పాఠాలే. వాటిలోనూ కులం ఉంది. వాటిని చదివే ప్రయత్నమే ఈ వ్యాసం.

ఆ రాతలో పదేపదే కనిపించే మాట ఒకటుంది: విశ్వవిద్యాలయంలో బహుశాస్త్రీయ వైద్య పరిశోధనకూ శిక్షణకూ తోడ్పాటు. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం, కంప్యూటర్, వైద్యం అన్నీ ఒక కప్పు కింద చేరి ఒక జబ్బు సంగతి తేల్చటం అని దీనర్థం. క్షయగానీ కాన్సర్‌గానీ ఒక్క శాస్త్రానికి లొంగేది కాదు గనక ఆలోచన మంచిదే. డబ్బూ తక్కువేం కాదు. 2008లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగమూ లండన్‌లోని వెల్‌కమ్ ట్రస్టూ కలిసి పెట్టిన ఇండియా అలయన్స్ హైదరాబాదు నుంచే వైద్య పరిశోధన ఫెలోషిప్పులు ఇస్తోంది. 2019లో హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్ హోదా వచ్చింది. దానితోపాటు అయిదేళ్ళలో వెయ్యి కోట్ల దాకా ఇస్తామన్నారు. 2023లో వచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ చట్టం అయిదేళ్ళకు 50,000 కోట్ల అంచనాతో మొదలైంది.

మా ప్రశ్న ఆ మాట మీదే. అందులో రెండు భాగాలున్నాయి: పరిశోధన, శిక్షణ. వైద్య పరిశోధనకు ఒళ్ళు కావాలి. రక్తం కావాలి, కణజాలం కావాలి, రోగం కావాలి, శవం కావాలి. శిక్షణకు బుర్ర కావాలి. మొదటిదాని కోసం వాడలకూ గూడేలకూ మురికివాడలకూ వస్తున్నారు. రెండోదాని దగ్గరికి వచ్చేసరికి ప్రతిభ అంటున్నారు. ఈ రెండింటి మధ్య గీసిన గీత పేరే కులం అని మేం అంటున్నాం. ఆ గీతను చెరపకుండా ఇచ్చే తోడ్పాటు ఎంత పెద్దదైనా పాత ఏర్పాటుకే తోడ్పాటు అవుతుంది.

మనం సంబరపడ్డ పేపరు

ముందు మన పొరపాటుతోనే మొదలుపెడదాం. 2001లో జీనోమ్ రీసెర్చ్ అనే పత్రికలో ఒక పేపరు వచ్చింది. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం జన్యుశాస్త్రవేత్తలూ, ఆంధ్ర విశ్వవిద్యాలయం మానవశాస్త్రవేత్తలూ కలిసి చేసిన పని అది. విశాఖపట్నం జిల్లాలో నియోగులు, వైదికులు, క్షత్రియులు, వైశ్యులు, తెలగలు, తూర్పు కాపులు, యాదవులు, రెల్లి, మాల, మాదిగల రక్తాన్ని పరీక్షించారు. తండ్రి వైపు నుంచి వచ్చే వై క్రోమోజోమునూ, తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏనూ పోల్చారు. కులం మెట్టు పైకి పోయేకొద్దీ యూరపు జనంతో దగ్గరితనం పెరుగుతోందని, అది మగవైపు ఎక్కువగా కనిపిస్తోందని తేల్చారు.

డర్బన్ సదస్సు జరిగిన ఏడాది అది. కులం కూడా జాతి వివక్ష లాంటిదేనని ప్రపంచం ముందు మనం వాదిస్తున్న రోజులు. ఆ పేపరు చేతికి ఆయుధంలా దొరికింది. మనం చెప్పిందే రక్తంలో కూడా రుజువైందని మనవాళ్ళు చాలామంది సంబరపడ్డారు. మేమూ సంబరపడ్డాం.

ఆ సంబరంలో అడగాల్సినవి అడగలేదు. రెల్లి మనిషి రక్తం లాబులోకి పోయింది సరే, రెల్లి పిల్ల ఎప్పుడన్నా ఆ లాబులో కోటు వేసుకుని నిలబడిందా? ఏ ప్రశ్న అడగాలో ఎవరు తేల్చారు? మన పూర్వీకులెవరన్నది వాళ్ళకు ఆసక్తిగల ప్రశ్న. తరతరాలుగా ఊళ్ళ మురికి ఎత్తుతున్న మనిషి ఊపిరితిత్తులు ఏమవుతున్నాయి, చర్మం ఏమవుతోంది, ఎన్నేళ్ళు బతుకుతున్నాడు అన్నది రెల్లి వీధి ప్రశ్న. దానికీ జీవశాస్త్రం కావాలి, రసాయనం కావాలి, వైద్యం కావాలి, సామాజికశాస్త్రం కావాలి. బహుశాస్త్రీయం అనే మాటకు అంతకన్నా సరిపోయే పని లేదు. కానీ ఆ ప్రశ్న అడిగే మనిషి ఆ బల్ల దగ్గర లేడు.

ఈ మాట ఆ శాస్త్రవేత్తల్ని తప్పుపట్టటానికి కాదు. ఆ దారిలో వచ్చిన పనులు విలువైనవే. 2009లో హైదరాబాదు సీసీఎంబీ, హార్వర్డ్ పరిశోధకులు కలిసి నేచర్ పత్రికలో రాసిన పేపరుకు కూడా మాల, మాదిగల నమూనాలు వాడారు. 2013లో అదే బృందాలు ఇంకో సంగతి చెప్పాయి. ఈ ఉపఖండంలో జనాలు ఒకప్పుడు బాగా కలిశారు. సుమారు 1,900 ఏళ్ళ కిందటి నుంచి ఆ కలయిక దాదాపు ఆగిపోయింది. కులంలోపలి పెళ్ళే కట్టుబాటయింది. 2017లో వచ్చిన మరో పనిలో, అట్లా తరతరాలు లోపలే పెళ్ళిళ్ళు చేసుకున్న కులాల్లో కొన్ని జన్యు జబ్బులు పేరుకుంటాయని చూపించారు. మన వైశ్యుల్లో కొందరికి ఆపరేషనప్పుడు ఇచ్చే ఒక మందు పడకపోవటం దీనికి ఉదాహరణ. అంటే కులం మనుషుల్ని విడదీయటంతో ఆగక, ఒంట్లో జబ్బుగా కూడా దిగుతుందన్నమాట.

స్వకుల వివాహమే కులానికి ఆయువుపట్టు అన్న మాట మొదట ఎక్కడ విన్నాం? 1916 మే నెలలో కొలంబియా విశ్వవిద్యాలయంలో, మానవశాస్త్ర సెమినార్‌లో, ఆర్థికశాస్త్రం చదువుతున్న పాతికేళ్ళ అంబేడ్కర్ ఒక పత్రం చదివాడు. ఆ పత్రం వాదన అదే. లాబు ఆ సంగతిని రక్తంలో చూసింది 97 ఏళ్ళ తర్వాత. ఒక శాస్త్రం విద్యార్థి ఇంకో శాస్త్రం తరగతిలో కూర్చుని, తన బతుకులోంచి ప్రశ్న తీసి, అందరికీ పనికొచ్చే జవాబు చెప్పాడు. బహుశాస్త్రీయ శిక్షణ అంటే అదీ. దానికి వెనక ఉన్న తోడ్పాటు ఎంత? బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్, నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ళు. వెయ్యి కోట్ల లెక్కలు చెప్పేవాళ్ళు ఈ లెక్క కూడా గుర్తుంచుకోవాలి.

ఒళ్ళు కావలసినప్పుడు

2009 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కాన్సర్ రాకుండా టీకా వేశారు. పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు అది. సుమారు 14,000 మంది పిల్లలు. చాలామంది ఆదివాసీ పిల్లలు, హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇదే పని జరిగింది. రెండుచోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయాక, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు.

ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా పనికిరానిదనీ మేం అనటం లేదు. ఆ కాన్సర్‌తో చనిపోయేది ఎక్కువగా మన ఆడవాళ్ళే గనక ఆ టీకా మనకు కావాల్సిందే. మా వాదన అంగీకార పత్రం గురించి. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన నివేదిక చెప్పినదాని ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టారు. తల్లి గూడెంలో ఉంది, తండ్రి గూడెంలో ఉన్నాడు, సంతకం వార్డెన్ చేసింది. బిడ్డ ఒంట్లోకి ఏం పోతోందో అడిగే హక్కు కన్నవాళ్ళకు లేకుండా పోయింది. ఊరి స్కూల్లో ఫీజు కట్టి చదువుకునే దొరబిడ్డ చేతికి ఇట్లా సూది గుచ్చగలరా?

ముంబయి మురికివాడల్లో 1998లో ఇదే కాన్సర్ మీద మొదలైన పరిశోధన ఇంకొకటి ఉంది. టాటా మెమోరియల్ సెంటర్ చేసింది. సుమారు లక్షన్నర మంది ఆడవాళ్ళు. సగం మందికి రెండేళ్ళకోసారి వెనిగర్‌తో చేసే చవకైన పరీక్ష చేశారు. మిగిలిన సగానికి జబ్బు గురించి చెప్పి వదిలేశారు. 2013లో ఫలితం చెప్పారు: పరీక్ష జరిగిన సగంలో ఈ కాన్సర్ చావులు 31 శాతం తక్కువ. మంచి ఫలితం. దేశంలో ఎట్లాగూ పరీక్షలు జరగటం లేదు గనక చెయ్యకపోవటం అన్యాయం కాదని వాళ్ళ సమాధానం. ఆ సమాధానాన్ని జాగ్రత్తగా చదవాలి. పేదవాళ్ళకు ఏమీ దొరకకపోవటం అన్నది మామూలు స్థితి అనుకుంటే, వాళ్ళకు ఏమీ ఇవ్వకపోవటం శాస్త్రీయమైన పోలిక అవుతుంది. మన లేమి వాళ్ళ కొలబద్ద అయింది.

2011లో పిడుగురాళ్ళ నుంచి పేద ఆడవాళ్ళను హైదరాబాదుకు తీసుకుపోయి మందు పరీక్షలు చేసిన సంగతి పత్రికల్లో అందరం చదివాం. అక్కడ అంగీకారాన్ని కొన్నది కొన్ని వేల రూపాయలు. ఎవరు ఎంత చదువుకున్నారని అడగలేదు, మార్కులు అడగలేదు, ఇంగ్లీషు వచ్చా అని అడగలేదు. ఒళ్ళు కావలసినప్పుడు ప్రతిభ ప్రసక్తి రాదు.

బుర్ర కావలసినప్పుడు

ఇప్పుడు రెండో భాగం. 1975 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. గ్రూప్ ఎ లో అట్టడుగు మెట్టు దాటాక, పరిశోధన చేసే, చేయించే శాస్త్ర సాంకేతిక ఉద్యోగాలకు రిజర్వేషన్ నుంచి మినహాయింపు ఇవ్వొచ్చునన్నది దాని సారాంశం. 1992 నవంబరులో మండల్ కేసు తీర్పు ఇచ్చిన సుప్రీంకోర్టు, రిజర్వేషన్ పెట్టటం మంచిది కాదని తాననుకున్న ఉద్యోగాల జాబితా ఒకటి చెప్పింది. పరిశోధన సంస్థల్లో సాంకేతిక పోస్టులు, వైద్యంలో సూపర్ స్పెషాలిటీలు, ప్రొఫెసర్ పోస్టులు అందులో ఉన్నాయి. 1999లో సూపర్ స్పెషాలిటీ సీట్లలో రిజర్వేషన్ కుదరదని అదే కోర్టు తేల్చింది. 2013లో ఎయిమ్స్ అధ్యాపకుల కేసులో మళ్ళీ ఆ జాబితానే గుర్తు చేసింది.

మధ్యలో 2006లో కేంద్ర విద్యాసంస్థల ప్రవేశాల చట్టం వచ్చింది. మన పోరాటం వల్లనే వచ్చింది. దాని చివర ఒక షెడ్యూలు ఉంది. శ్రేష్ఠమైన సంస్థలనీ, వ్యూహాత్మక సంస్థలనీ పేరు పెట్టి కొన్నిటిని పక్కన పెట్టారు. 2019లో అధ్యాపక నియామకాల చట్టం వచ్చినప్పుడూ అంతే. ఆ షెడ్యూళ్ళలో అణుశక్తి సంస్థలతోపాటు మనేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ ఉంది. హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ కింద టాటా మెమోరియల్ సెంటర్ ఉంది.

ఈ రెండు పాఠాల్ని పక్కపక్కన పెట్టి చదవండి. ముంబయి మురికివాడల లక్షన్నర ఆడవాళ్ళ ఒళ్ళు ఏ సంస్థ పరిశోధనకు పనికొచ్చిందో, ఆ సంస్థలో చేరటానికీ బోధించటానికీ వాళ్ళ పిల్లల కోటా పనికిరాదని చట్టం అనుబంధం చెప్తోంది. మెదడు మీద పరిశోధన చేసే సంస్థలోనే మన మెదడుకు చట్టం చోటు చూపించలేదు. ఇంతకన్నా సూటిగా మనువు కూడా రాయలేడు.

మినహాయింపు లేని విశ్వవిద్యాలయాల్లో తలుపు ఇంకో రకంగా మూస్తారు. పరిశోధన డబ్బు ఇప్పుడు ప్రాజెక్టుల రూపంలో వస్తుంది. ప్రాజెక్టు పోస్టుకు మనిషిని ఎంచుకునేది ఆ ప్రాజెక్టు నడిపే ప్రొఫెసర్. నలభై అయిదు రోజులకు మించిన తాత్కాలిక నియామకాలకు కూడా రిజర్వేషన్ వర్తిస్తుందని 1968 నుంచి కేంద్రం ఉత్తర్వు ఉంది. 2018లో, 2022లో మళ్ళీ గుర్తు చేశారు. మేం చూసిన ప్రాజెక్టు ప్రకటనల్లో రోస్టర్ మాట ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ప్రాజెక్టు పోస్టు లేకపోతే పేపరులో పేరు రాదు. పేపరులో పేరు లేకపోతే ఫెలోషిప్పు రాదు, ఉద్యోగం రాదు. చివర్లో తగిన అభ్యర్థి దొరకలేదని రాసి ఖాళీ అట్టే పెడతారు.

మాలో ఒకరి అనుభవం చెప్తాం. ఒక లాబులో ఇద్దరు ఒకే రోజు చేరారు. ఒకరికి మైక్రోస్కోపు గది తాళం ఇచ్చారు. మావాడికి ఎలుకల గది అప్పగించారు. బోనులు కడగటం, పొట్టు మార్చటం, చచ్చినవాటిని ఎత్తెయ్యటం. ఇదీ శిక్షణలో భాగమే అన్నారు. నిజమే, ఎలుకల పని రాకుండా ఈ శాస్త్రం రాదు. కానీ ఏడాది దాటినా మావాడి గది మారలేదు, రెండోవాడు ఎలుకల గది గడప తొక్కలేదు. ఎవరూ తిట్టలేదు, కులం పేరు ఎత్తలేదు. మాది అని చూపించటానికి ఒక్క కాగితం లేదు. కులం పనిని పంచటంతో ఊరుకోదు, పనిచేసే మనుషుల్నే మెట్లుగా పేరుస్తుందని అంబేడ్కర్ 1936లో చూపించాడు. ఆ మెట్లకు లాబు గచ్చు అడ్డం కాదు.

కాగితం ఉన్నచోట ఏం జరిగింది? ఎయిమ్స్‌లో దళిత ఆదివాసీ విద్యార్థుల పట్ల వివక్ష మీద 2006లో తోరట్ కమిటీ వేశారు. 2007లో నివేదిక వచ్చింది. హాస్టల్ గదుల నుంచి వైవా దాకా వివక్ష ఉందని చెప్పింది. దేశంలో అత్యున్నత వైద్య శిక్షణ ఇచ్చే చోట శిక్షణలోనే విషం ఉందని ప్రభుత్వ కమిటీయే చెప్తే, ఆ తర్వాత ఒక్క కొత్త కేంద్రం మంజూరులోనైనా ఆ నివేదికను షరతుగా పెట్టారా?

హైదరాబాద్ విశ్వవిద్యాలయం సంగతికి వద్దాం. రోహిత్ వేముల అక్కడికి వచ్చింది జీవశాస్త్రం చదవటానికి. ఆ తర్వాత సైన్సుకూ సమాజానికీ ఉన్న సంబంధం మీద పరిశోధనకు మారాడు. సైన్సులో ఒకటి, సామాజికశాస్త్రాల్లో ఒకటి, రెండు జేఆర్ఎఫ్‌లు తెచ్చుకున్నవాడు. బహుశాస్త్రీయ పరిశోధకుడు కావాలని ప్రకటనలిచ్చే వ్యవస్థకు అట్లాంటి మనిషి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. హాస్టల్ నుంచి వెలివేసిన అయిదుగురిలో ఒకడయ్యాడు. 2016 జనవరి 17న చనిపోయేముందు రాసిన ఉత్తరంలో, తనకు ఏడు నెలల ఫెలోషిప్పు రావాల్సి ఉందని, దాన్ని ఇంటివాళ్ళకు అందేట్టు చూడమని రాశాడు. మూడేళ్ళకు ఆ విశ్వవిద్యాలయానికే వెయ్యి కోట్ల హోదా వచ్చింది. తోడ్పాటు అనే మాట ఎవరన్నా మా ముందు అంటే ఆ ఏడు నెలలే గుర్తొస్తాయి.

ఏ శాస్త్రాలు, ఎవరి శాస్త్రాలు

బహుశాస్త్రీయం అంటున్నప్పుడు ఏయే శాస్త్రాల్ని లెక్కలోకి తీసుకుంటున్నారో కూడా చూడాలి. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో మధుసూదన్ గుప్తా శవాన్ని కోశాడు. అగ్రకులస్తుడు శవాన్ని ముట్టుకున్నాడు గనక అది చరిత్ర అయింది. అంతకు ముందు, ఆ తర్వాత కూడా శవాల్ని మోసినవాళ్ళ, కడిగినవాళ్ళ పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. ఇవాళ్టికీ మన ఆసుపత్రుల పోస్టుమార్టం గదుల్లో చాలాచోట్ల కత్తి పట్టేది నాలుగో తరగతి ఉద్యోగి. ఎక్కువమంది మనవాళ్ళే. డాక్టరు చూస్తాడు, చెప్తాడు, సంతకం పెడతాడు. ఇరవై ఏళ్ళు కోసిన చేతికి శరీరం గురించి తెలిసింది ఏ డిగ్రీలోనూ లెక్కకు రాదు.

మాదిగ మనిషికి తోలు పొరలు తెలుసు, నరం తెలుసు, ఎముక తెలుసు. తంగేడు చెక్కతోనూ సున్నంతోనూ తోలు ఎట్లా మారుతుందో తెలుసు. పురుళ్ళు పోసిన మంత్రసానులు ఎక్కువగా మంగలి, చాకలి, మాల, మాదిగ ఆడవాళ్ళు. ఇవన్నీ గొప్ప శాస్త్రాలని, లాబు అక్కర్లేదని మేం అనం. అట్లా పొగిడి మనల్ని మళ్ళీ తోలు దగ్గరే కూర్చోబెట్టే ఎత్తుగడ మనకు తెలుసు. మేం అనేది ఒకటే. ఒంటిని ముట్టుకున్న జ్ఞానాన్ని అంటరానిదిగా చేసి, దాని మీద కట్టిన శాస్త్రాన్ని పవిత్రం చేశారు. ఎన్ని శాఖలు కలిపినా ఈ విభజనను ముట్టుకోకపోతే అది ఒకే కులంలో పెళ్ళి లాంటిదే. ఇంటిపేర్లు మారతాయి, ఇల్లు మారదు.

అమెరికా నల్లవాళ్ళు ఏం చేశారు

ఒంటికీ బుర్రకూ మధ్య గీతను ఇంకోచోట ఎట్లా ఎదుర్కొన్నారో చూడటం మనకు అవసరం. అలబామా రాష్ట్రం టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖ 600 మంది నల్ల మగవాళ్ళ మీద పరిశోధన చేసింది. వారిలో 399 మందికి సిఫిలిస్. జబ్బు దానంతటది ఎట్లా ముదురుతుందో చూడాలని, పెనిసిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా వైద్యం చెయ్యలేదు. 1972లో పత్రికలు బయటపెట్టాయి. గొడవ చట్టసభకు పోయింది. 1974లో జాతీయ పరిశోధన చట్టం వచ్చింది.

ఆ చట్టాన్ని మనుషులపై పరిశోధనలకు రక్షణ తెచ్చిన చట్టంగానే మనం చదువుకుంటాం. నిజానికి అందులో మొదటి భాగం వైద్య పరిశోధన శిక్షణ గురించి. దేశమంతా ఇప్పటికీ నడిచే శిక్షణ ఫెలోషిప్పులు దాని కిందే వచ్చాయి. రెండో భాగం ఒంటికి రక్షణ గురించి. రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి. 1972లోనే నల్లవాళ్ళు తదితర మైనారిటీలు చదివే కాలేజీలకు వైద్య పరిశోధన సహాయం మొదలైంది. 1985లో హోవర్డ్, మెహారీ లాంటి సంస్థల్లో పరిశోధన కేంద్రాలు కట్టటానికి వేరే పథకం పెట్టారు. అంటే తోడ్పాటును నల్లవాళ్ళ సంస్థల్లోకే తెచ్చుకున్నారు.

అక్కడ అంతా బాగుందని కాదు. 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం, చదువూ అనుభవమూ ప్రచురణలూ సమానంగా ఉన్నా నల్ల పరిశోధకులకు జాతీయ ఆరోగ్య సంస్థ గ్రాంటు వచ్చే అవకాశం 10 శాతం పాయింట్లు తక్కువని చూపించింది. 2025లో అక్కడి ప్రభుత్వం ఈ రకం శిక్షణ పథకాల్లో చాలావాటిని తీసేసింది. గెలుచుకున్నది కూడా కాపలా లేకపోతే పోతుంది.

టస్కీగీ ఇంకో పాఠం కూడా చెప్తుంది. ఆ నలభై ఏళ్ళూ ఆ మనుషుల్ని పరీక్షలకు తీసుకొచ్చింది యూనిస్ రివర్స్ అనే నల్ల నర్సు. చుట్టూ ఉన్నది నల్లవాళ్ళ విద్యాసంస్థే. మనవాళ్ళు లోపల ఉన్నంత మాత్రాన సరిపోదన్నమాట. ఖమ్మంలో సంతకాలు పెట్టిన వార్డెన్లలో మనవాళ్ళు కూడా ఉండి ఉండొచ్చు. లోపల ఉండటమే కాదు, ప్రశ్న అడిగే చోట, ఆపమని చెప్పగల చోట ఉండాలి.

ఏం అడగాలి

సైన్సుకు కులం లేదని కొందరు మంచివాళ్ళు బాధపడతారు. సైన్సుకు లేదు, నిజమే. మంజూరు ఉత్తర్వుకు ఉంది, షెడ్యూలుకు ఉంది, ఎలుకల గదికి ఉంది. ఇంకొందరు, ఇట్లా విమర్శిస్తే పరిశోధనే ఆగిపోతుందంటారు. పరిశోధన ఆగితే ముందు చచ్చేది మనమే. మాకు ఎక్కువ పరిశోధన కావాలి. అందుకే ఇవి అడుగుతున్నాం.

ఒకటి, ప్రజల డబ్బుతో నడిచే ఏ కేంద్రమైనా విద్యార్థులు, ప్రాజెక్టు పోస్టులు, ప్రాజెక్టు నడిపే అధ్యాపకుల కులాల లెక్క ఏటా బయటపెట్టాలి. ఎస్సీ అని ఒక్క అంకె చెప్తే చాలదు. 1994 నుంచి దండోరా అడుగుతున్నదీ, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒప్పుకున్నదీ ఇదే: మాల ఎంత, మాదిగ ఎంత, రెల్లి ఎంత, ఉపకులాలు ఎంత అని లెక్క తేలాలి. మనలో మనం దాచుకునే లెక్కలతో బయటివాళ్ళను నిలదీయలేం.

రెండు, ప్రాజెక్టు పోస్టుల్లో నలభై అయిదు రోజుల ఉత్తర్వు అమలు కావాలి. 2006, 2019 చట్టాల షెడ్యూళ్ళలోంచి కనీసం వైద్య సంస్థలనైనా తీసెయ్యాలి. ఆసుపత్రి వ్యూహాత్మక రహస్యం ఎట్లా అవుతుంది?

మూడు, ఫెలోషిప్పు నెల మొదటి రోజున చేతికి రావాలి. పైనుంచి రాకపోతే విశ్వవిద్యాలయం తన నిధి నుంచి ముందిచ్చి తర్వాత రాబట్టుకోవాలి. కాగితం రాలేదన్న మాట ఇక వినం.

నాలుగు, ఎథిక్స్ కమిటీల్లో బయటి సామాన్యుడు ఒకరు ఉండాలని వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెప్తున్నాయి. ఆ సామాన్యుడు ఎవరు? రక్తం ఇచ్చే వాడ నుంచి, గూడెం నుంచి రావాలి. తెలుగులో, గోండిలో, కోయలో కాగితం ఉండాలి. ఫలితం ముందు ఆ వాడకు చెప్పాలి.

అయిదు, జిల్లా డిగ్రీ కాలేజీలో తెలుగు మీడియం చదివిన పిల్లకు లాబులో చేరే ముందు ఏడాది జీతమిచ్చే శిక్షణ కావాలి. ఇంగ్లీషు కోసం వైవాలో నవ్వే బదులు ఇంగ్లీషు నేర్పండి. పోస్టుమార్టం గదిలో ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషికి సాంకేతిక ఉద్యోగంలోకి పోయే దారి ఉండాలి.

ఇవి పెద్ద కోరికలేం కావు. ఏ విశ్వవిద్యాలయమైనా రేపటి సిండికేట్ సమావేశంలో తీర్మానించుకోగలిగినవి కొన్ని, పార్లమెంటు ఒక్క సవరణతో చెయ్యగలిగినవి కొన్ని. అయినా జరగటం లేదంటే డబ్బు లేక కాదని తెలుస్తూనే ఉంది.

ఈ పత్రిక చదివే టీచర్లకు, విద్యార్థులకు, కార్యకర్తలకు ఒక మాట. మీ కాలేజీకి ఏ కేంద్రం వచ్చినా ప్రారంభోత్సవం బోర్డు చదివి ఊరుకోకండి. మంజూరు ఉత్తర్వు నకలు సమాచార హక్కు కింద తెప్పించండి. ఎన్ని పోస్టులు, ఎవరికిచ్చారు, రక్తం ఎక్కడ తీస్తారు, ఫలితం ఎవరికి చెప్తారు అని నాలుగు ప్రశ్నలు రాయండి. వచ్చిన జవాబులు మాకు పంపండి. మన వాడల రక్తం ఏ ఫ్రీజర్లలో ఉందో, మన పిల్లలు ఏ గేటు బయట ఉన్నారో ఆ జవాబులన్నీ కలిపి చదివితే తెలుస్తుంది. ఆ లెక్క మనం తీయకపోతే మన తరఫున ఇంకెవరూ తీయరు.